ఫుల్‌టైమ్ పైలట్ కోర్సులో చేరితే ఎలా ఉంటుంది?

ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, చేరగానే విమానం నడపడమేనా అని అడిగారు. కాదండీ. మొదటి నెలలు చాలావరకు పుస్తకాలతోనే గడుస్తాయి: నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షల్లో 70 శాతం వస్తేనే పాస్.

ఫీజు కట్టేముందే మెడికల్ చేయించుకోండి. పైలట్లకు చేసే ఈ ఆరోగ్య పరీక్షల్లో ముందు క్లాస్ 2, తర్వాత మరింత కఠినమైన క్లాస్ 1. లక్షలు కట్టాక చూపులోనో గుండెలోనో లోపం బయటపడితే ఆ కుటుంబం తట్టుకోలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కమర్షియల్ లైసెన్స్‌కి మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదే అయి నడపాలి. 300 నాటికల్ మైళ్లకు తగ్గని ఒక క్రాస్ కంట్రీ (ఒక ఎయిర్‌ఫీల్డ్ నుంచి దూరంలోని మరోచోటికి వెళ్లే) ప్రయాణం, రాత్రి ఫ్లయింగ్ కూడా ఉంటాయి. ఉత్తరాదిన శీతాకాలపు పొగమంచు, ఎక్కడైనా వానాకాలం, విమానాల కొరత, వీటన్నిటివల్లా రోజుల తరబడి నేలమీదే కూర్చోవాల్సి రావచ్చు. అందుకని ఎన్ని నెలల్లో పూర్తవుతుందని అకాడమీని అడగొద్దు. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయి, ఒక్కో విద్యార్థికి నెలకు ఎన్ని గంటలు దొరుకుతున్నాయని అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి.

లైసెన్స్ చేతికొచ్చినా ఎయిర్‌బస్ లాంటి విమానం నడపాలంటే టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికే ప్రత్యేక శిక్షణ, వేరే చేయాలి. చాలాచోట్ల దాని ఖర్చు కోర్సు ఫీజులో కలవదు. అప్పు లెక్క వేసుకునేటప్పుడు అదీ కలపండి.