మడత కెమెరాల రిపేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పాత మడత కెమెరా అగ్ఫా ఐసొలెట్‌లో ఫోకస్ రింగు బిగుసుకుపోయింది. ప్రాంటర్-ఎస్ షట్టర్ 1/100 సెకనులో బాగానే పనిచేస్తోంది, 1 సెకనులో పెడితే మధ్యలో ఆగిపోతోంది. విడిభాగాల కోసం పాడైన మరో ఐసొలెట్ కొననా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన రెండు లోపాలకూ మామూలుగా కారణం ఎండి జిగురులా మారిన పాత గ్రీజే. పైగా ఇంకో ఐసొలెట్‌లోనూ అదే గ్రీజు ఉంటుంది.

ఫోకస్ రింగును బలవంతంగా తిప్పొద్దు. ముందు అద్దం, దాని వెనక అద్దం అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి రెండూ కలిసి షట్టర్‌లోంచి ఊడొస్తాయి. రింగు అంచున ఉన్న మూడు చిన్న స్క్రూలు వదులు చేసి రింగు తీసేయండి. రెండు అద్దాల జతను బయటికి తీసి, వాటి స్క్రూ మరల మీద లైటర్‌లో పోసే పెట్రోలు చుక్కలు వేసి నాననివ్వండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయాలంటే పెట్రోలు పూర్తిగా ఆరాకే, అదీ గోరువెచ్చగా. ఒక్క పూటలో రాకపోవచ్చు, రోజులు పట్టినా ఓపిక పట్టండి. విడిపోయే క్షణంలో రెండు భాగాల మీదా ఎదురెదురుగా గీత గీయండి. ఈ మరలు ఎక్కడం మొదలయ్యే చోట్లు ఒకటికంటే ఎక్కువ ఉంటాయి. వేరే చోట మొదలుపెట్టి ఎక్కిస్తే ఫోకస్ ఎప్పటికీ కుదరదు.

బిగించాక దూరపు ఫోకస్ కొత్తగా సరిచేయాలి. ఫిల్మ్ ఆనే పట్టాల మీద వెలుగు మసకగా పోనిచ్చే తెల్లటి టేపు బిగుతుగా అంటించి, షట్టర్‌ను బి మీద (నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) తెరిచి, అపెర్చర్ (వెలుగు వచ్చే కన్నం) పూర్తిగా పెద్దది చేసి, అర కిలోమీటరు అవతలి స్తంభాన్ని భూతద్దంతో చూస్తూ ముందు అద్దం తిప్పండి. స్తంభం పదునుగా కనబడ్డ చోట రింగును అనంతం గుర్తు దగ్గర పెట్టి స్క్రూలు బిగించండి.

1 సెకను ఆగడానికి కారణం నెమ్మది వేగాల పళ్లచక్రాలు. 1/100 బాగుందంటే తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకులు శుభ్రంగానే ఉన్నట్టు. చక్రాల మీద మాత్రమే రెండు మూడు చుక్కల పెట్రోలు వేసి, షట్టర్ మీట పదే పదే నొక్కి ఆరనివ్వండి. ఎక్కువ పోస్తే కరిగిన గ్రీజు రేకుల మీదికి పాకి వాటినీ అతికిస్తుంది. రేకులకు నూనె అసలు వద్దు.

నిజంగా స్ప్రింగు విరిగితేనే మరో షట్టర్ వెతకండి. అప్పుడు కెమెరా పేరు కంటే షట్టర్ పేరు, సైజు ముఖ్యం. ప్రాంటర్, కాంపుర్ షట్టర్లను అనేక కంపెనీలు వాడాయి. 00, 0 సైజులు ఒకదానికొకటి కుదరవు. అపెర్చర్ స్కేలు ఏ లెన్స్‌కు గీశారో కూడా చూడండి: 75 మి.మీ. లెన్స్‌కు స్కేలు మీద ఎఫ్/8 దగ్గర కన్నం సుమారు 9.4 మి.మీ. అదే కన్నం 105 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/11 అవుతుంది. ఫిల్మ్‌కు ఒక స్టాప్ వెలుగు తక్కువ, అంటే సగమే పడుతుంది. లెన్స్ అద్దాలను మాత్రం జతగానే మార్చండి.

ప్రశ్న: లెన్స్‌కూ కెమెరాకూ మధ్య మడతలు పడే బెల్లోస్ మూలల్లో సూదిబెజ్జాలున్నాయి. రంగు పూస్తే చాలా?

జవాబు: చీకటి గదిలో బెల్లోస్ లోపల చిన్న టార్చి పెట్టి లెక్కించండి. రెండు మూడైతే గుడ్డలకు వేసే నల్లరంగు పలచగా పూసి, పూర్తిగా ఆరాకే మడవండి. ప్రతి మూలా మెరుస్తుంటే మార్చడమే మేలు. కొత్తదానికి ముందు, వెనక చట్రాల లోపలి కొలతలు, మడతల సంఖ్య, చాచిన పొడవు, మూసినప్పటి మందం రాసుకోండి. చాలామంది మరిచేది చివరిదే. మందం ఎక్కువైతే తలుపు మూసుకోదు, చాచినప్పుడు లెన్స్ పలక ఒక పక్కకు వాలి ఫొటోలో ఆ వైపు మసకబారుతుంది.

ప్రశ్న: 620 రకం ఫిల్మ్ చుట్టకు చేసిన కెమెరాలో 120 రకం ఫిల్మ్ పడుతుందా?

జవాబు: ఫిల్మ్ వెడల్పు ఒకటే. 620 స్పూల్ (ఫిల్మ్ చుట్టే ఇరుసు) కాడ సన్నం, అంచులు చిన్నవి. పూర్తి చీకట్లో 120 ఫిల్మ్‌ను 620 స్పూల్ మీదికి చుట్టుకోవాలి. ఫిల్మ్ వెనక ఉండే కాగితానికి ఫిల్మ్ అంటించిన టేపు దగ్గర ఉబ్బు వస్తే టేపు లేపి మళ్లీ అంటించండి. కెమెరాతో వచ్చిన 620 స్పూల్‌ను పారేయకండి, ల్యాబ్‌లో ఇచ్చినప్పుడు తిరిగి అడిగి తీసుకోండి.