గుమ్మడికాయ చీజ్‌కేక్ పండక్కి చేసేముందు ఇది చదువుకో

అమ్మలూ,

పండగ భోజనంలో స్వీటు నేనే తెస్తాను, గుమ్మడికాయ చీజ్‌కేక్ చేస్తానని అందరికీ మాటిచ్చేశావట, ఇప్పుడేమో ఒకటే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అంత భయపడాల్సిన వంట కాదమ్మా ఇది, చేతి నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు, కాకపోతే తొందర అస్సలు పనికిరాదు. ఏళ్ల తరబడి చేస్తున్నాను కాబట్టి ఎక్కడెక్కడ తేడా వస్తుందో నాకు బాగా తెలుసు, అవన్నీ ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకో. పేరులో కేక్ ఉంది గానీ ఇది కస్టర్డ్ జాతిది. మామూలు కేకుని మైదా, బేకింగ్ పౌడర్ పొంగించి నిలబెడతాయి, దీన్ని నిలబెట్టేది గుడ్డు. గుడ్డు నెమ్మదిగా, తక్కువ వేడి మీద గట్టిపడితే నోట్లో వెన్నలా ఉంటుంది, వేడి ఎక్కువైతే బిగుసుకుపోయి లోపలి నీటిని బయటికి నెట్టేస్తుంది, అప్పుడు ముక్క రవ్వరవ్వగా, పొడిగా తగులుతుంది. అందుకే కేకుకి చేసినట్టు పుల్ల గుచ్చి చూడకు. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఎక్కువ ఉడికిపోయిందని అర్థం.

ఇక ఎప్పుడు చెయ్యాలి అనేది. పండగ రోజు పొద్దున్న మాత్రం వద్దు, దయచేసి వద్దు. రెండు రోజుల ముందు సాయంత్రం చేసుకో. ఓవెన్‌లో గంటా గంటంపావు, అందులోనే చల్లారడానికి ఇంకో గంట, బయట గంటన్నర, ఆ తర్వాత ఫ్రిజ్‌లో కనీసం 8 గంటలు కావాలి, ఇందులో ఒక్కటి కూడా కుదించడానికి లేదు. పైగా పండగ రోజు ఓవెన్ ఖాళీగా ఉండదు. రెండో రోజుకి దాల్చినచెక్క, జాజికాయ ఘాటు తగ్గి బాగా కలిసిపోతాయి కూడా, నా మట్టుకు నాకు చేసిన మర్నాటి కంటే ఆ తర్వాతి రోజు రుచే ఇష్టం.

గుమ్మడికాయ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మామూలు చీజ్‌కేక్ బాగా చేసేవాళ్లు కూడా దీని దగ్గరే ఇబ్బంది పడతారు. డబ్బా కొంటే దాని మీద ఏం రాసుందో చూసి కొను. ఉత్త గుమ్మడి గుజ్జు ఒకటుంటుంది, పై ఫిల్లింగ్ (pie filling) అని ఇంకోటుంటుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండోదాంట్లో చక్కెర, మసాలా ముందే కలిపేసి ఉంటాయి, అది వేస్తే తీపి నీ చేతిలో ఉండదు. అదే కాయ కొని చేస్తానంటే, ముఖాలు చెక్కడానికి వాడే పెద్ద పెద్ద కాయలు వద్దు, వాటిలో పీచూ నీళ్లూ తప్ప ఏమీ ఉండవు. చిన్నగా, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండే కాయ కావాలి, లేదంటే బటర్‌నట్ అనే గుమ్మడి రకం తీసుకో. బటర్‌నట్ వేస్తే గుమ్మడికాయ చీజ్‌కేక్ ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే చెప్పు, అమెరికాలో డబ్బాల్లో వచ్చే గుజ్జు ఎక్కువగా డికిన్సన్ అనే రకం గుమ్మడిదే, అది బటర్‌నట్‌కి దగ్గర చుట్టం. కాయని సగానికి కోసి, గింజలు తీసి, కోసిన వైపు కిందికి పెట్టి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావుగంట నుంచి గంట ఉంచితే కత్తి సులువుగా దిగుతుంది. లోపలి గుజ్జు గరిటెతో తీసి మిక్సీలో మెత్తగా చేసుకో.

డబ్బాదైనా కాయదైనా ఆ గుజ్జులో నీళ్లు చాలా ఉంటాయి. ఆ నీళ్లు అలాగే పోతే మధ్యభాగం ఎంతసేపు పెట్టినా గట్టిపడదు, అది గట్టిపడే లోపు అంచులు ఎండిపోతాయి, అడుగున బిస్కెట్ పొర నాని ముద్దవుతుంది. కాబట్టి 425 గ్రాముల డబ్బా గుజ్జంతా వెడల్పాటి మూకుట్లో వేసి, మధ్యస్థం మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించు. గరిటెతో అడుగున గీత గీస్తే అది వెంటనే పూడిపోకుండా కాసేపు నిలవాలి, రంగు కూడా కొంచెం ముదురుతుంది, అప్పటికి గుజ్జు సుమారు 300 గ్రాములు మిగులుతుంది. చివరి నిమిషంలో మసాలా పొడులు అందులోనే వేసెయ్యి, ఆ వేడికి వాసన బాగా విచ్చుకుంటుంది. ఒకటిన్నర టీస్పూన్ల దాల్చినచెక్క పొడి, ఒక టీస్పూన్ శొంఠి పొడి, పావు టీస్పూన్ జాజికాయ, రెండు వేళ్లకి అంటుకునేంత లవంగం పొడి. లవంగం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి లాక్కో, అది ఎక్కువైతే గుమ్మడికాయ రుచే తెలీదు. ఈ గుజ్జు పూర్తిగా చల్లారాకే వాడాలి, ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నా మంచిదే, వాడే ముందు గది వేడికి రానిస్తే చాలు.

క్రీమ్ చీజ్ 680 గ్రాములు. దిమ్మలుగా వచ్చేదే కొను, బ్రెడ్‌కి రాసుకోవడానికి డబ్బాలో వచ్చే మెత్తటిది వద్దు, కొవ్వు తగ్గించినది అసలే వద్దు, వాటిలో నీళ్లు ఎక్కువ. రెండు గంటల ముందే చీజ్, గుడ్లు, సోర్ క్రీమ్ ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు. చీజ్ చల్లగా ఉండగా కలిపితే ఉండలు కట్టేస్తుంది, ఆ ఉండలు తర్వాత ఎంత కలిపినా పోవు, అవి పోవాలని ఇంకా ఇంకా గిలకొడతావు, దాంతో గాలి చేరిపోతుంది. బయట పెట్టడం మర్చిపోయావనుకో, చీజ్‌ని చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పరిస్తే అరగంటలో మెత్తబడుతుంది, గుడ్లు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేస్తే చాలు.

అడుగు పొర సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అల్లం బిస్కెట్లు గానీ మామూలు గోధుమ బిస్కెట్లు గానీ 200 గ్రాములు పొడి చేసి, 85 గ్రాముల కరిగించిన వెన్న, చిటికెడు ఉప్పు కలిపి, 9 అంగుళాల స్ప్రింగ్‌ఫామ్ పాన్‌లో (చుట్టూ ఉండే రింగు విడిగా ఊడొచ్చే గిన్నె) చదునైన గ్లాసు అడుగుతో గట్టిగా నొక్కు. 175 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాల్చి చల్లారనివ్వు. నేనైతే అల్లం బిస్కెట్లే వాడతాను, గుమ్మడికి అంత బాగా కుదిరేది ఇంకోటి లేదు.

కలిపేటప్పుడు వరస ముఖ్యం. మొదట చీజ్, 200 గ్రాముల బ్రౌన్ షుగర్ కలిపి నున్నగా అయ్యేదాకా బీటర్‌తో తిప్పు, గిన్నె అంచులూ అడుగూ మధ్యమధ్యలో గరిటెతో గీకుతూ ఉండు, ఇక్కడ ఎంత సమయం తీసుకున్నా నష్టం లేదు. తర్వాత గుమ్మడి గుజ్జు, 120 గ్రాముల సోర్ క్రీమ్, రెండు టీస్పూన్ల వెనిల్లా, అర టీస్పూన్ ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్. ఇప్పుడు ఆగి రుచి చూడు, పచ్చి గుడ్డు ఇంకా పడలేదు కాబట్టి నిశ్చింతగా చూడొచ్చు. చల్లటి పదార్థంలో తీపీ మసాలా రెండూ నాలుకకి తక్కువగా తెలుస్తాయి, అందుకని ఇప్పుడు కొంచెం ఎక్కువైనట్టు అనిపిస్తేనే రేపు సరిగ్గా ఉంటుంది. ఆఖర్న మూడు గుడ్లు, ఒక పచ్చసొన, ఒక్కొక్కటిగా, బీటర్ అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టి. గుడ్డు కలిసిపోయి కనబడకుండా పోగానే ఆపెయ్యాలి. ఇక్కడ గాలి ఎక్కించావంటే ఓవెన్‌లో ఆ గాలి వ్యాకోచించి పైకి పొంగుతుంది, బయటికి తీశాక కూలిపోతుంది, పగుళ్లు వచ్చేది చాలాసార్లు అలాగే. కలిపినదంతా జల్లెడలోంచి పాన్‌లోకి వంచు, పాన్‌ని బల్ల మీద నాలుగైదుసార్లు తట్టు, పైకొచ్చిన బుడగల్ని పుల్లతో చిదిమెయ్యి.

వాటర్ బాత్ అంటే చాలామంది విసుక్కుంటారు. మానెయ్యకు. నీళ్లు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటవు కదా, అందుకని పాన్ చుట్టూ నీళ్లుంటే ఓవెన్‌లో 160 ఉన్నా అంచులకి ఆ వేడి సూటిగా తగలదు, అంచూ మధ్యా ఇంచుమించు ఒకేలా ఉడుకుతాయి. ఇబ్బందల్లా స్ప్రింగ్‌ఫామ్ పాన్ అడుగు సందుల్లోంచి నీళ్లు దూరడం. ఫాయిల్ రెండు పొరలు చుట్టమని అందరూ చెబుతారు, దానికి ఎక్కడో చిన్న చిరుగు ఉండనే ఉంటుంది. నేను చెప్పే పద్ధతి చూడు, చీజ్‌కేక్ పాన్‌ని దానికన్నా అంగుళం పెద్దదైన మామూలు కేకు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెని నీళ్ల ట్రేలో పెట్టు. రెండు గిన్నెల మధ్య ఖాళీ ఉన్నా పర్వాలేదు, కాస్త ఎక్కువసేపు పడుతుందంతే, అడుగు పొర మాత్రం పొడిగా ఉంటుంది. ట్రేని ముందు ఓవెన్ అరలో పెట్టేసి అప్పుడు మరిగే నీళ్లు పొయ్యి, పాన్ ఎత్తులో సగం దాకా రావాలి. నీళ్లు నింపిన ట్రే మోసుకెళ్లడం ప్రమాదం, చేతులు కాలతాయి.

వేడి 160 డిగ్రీల సెల్సియస్, ఫారెన్‌హీట్ అయితే 325. ఫ్యాన్ ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించుకో. ఇంటి ఓవెన్లు పైన చూపించే అంకె ఒకటి, లోపలి వేడి ఒకటి కావడం మామూలే, కాబట్టి అరలో వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కో, దీనికనే కాదు అన్నిటికీ పనికొస్తుంది.

55 నిమిషాలయ్యాక మొదటిసారి చూడు, అంతకుముందు తలుపు తియ్యకు. పాన్‌ని మెల్లగా కదిపితే అంచు నుంచి రెండంగుళాల దాకా కదలకుండా ఉండాలి, మధ్యలో మాత్రం గడ్డపెరుగు గిన్నె కదిపినట్టు వణకాలి. పలచగా అలలా కదిలితే ఇంకో పది నిమిషాలు. వణుకు బొత్తిగా లేకపోతే ఆలస్యమైందన్నమాట. నీ కళ్లకి ఇంకా ఉడకలేదనిపిస్తుంది, ఇంకో పది నిమిషాలు ఉంచుదామని చెయ్యి లాగుతుంది, ఆ మాట వినకు. లోపలున్న వేడితోనే అది ఇంకా ఉడుకుతుంది, ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. నమ్మకం కుదరకపోతే వంట థర్మామీటర్ మధ్యలో గుచ్చు, 65, 66 డిగ్రీలు చూపిస్తే ఓవెన్ కట్టెయ్యి. 70 దాటితే పగుళ్లూ రవ్వతనమూ మొదలవుతాయి. గుచ్చిన కన్నం మీద ఎలాగూ క్రీమ్ వస్తుంది.

ఓవెన్ కట్టేసి, తలుపు సందులో చెక్క గరిటె అడ్డుపెట్టి గంట అలాగే వదిలెయ్యి. తర్వాత నీళ్లలోంచి తీసి, పల్చటి చాకుతో అంచు చుట్టూ ఒక్కసారి తిప్పు, ఇది చిన్న పనే గానీ మర్చిపోకూడదు. చల్లారేకొద్దీ చీజ్‌కేక్ లోపలికి ముడుచుకుంటుంది, అంచు పాన్‌కి అతుక్కుని ఉంటే ముడుచుకోలేక మధ్యలో చీలుతుంది. పాన్ రింగు మాత్రం ఇప్పుడే తియ్యకు. గది వేడికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, రెండు గంటలకి మించి బయట ఉంచకు. వెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి చెమటలా కారి పైన గుంటలు పడతాయి, పూర్తిగా చల్లబడ్డాక మూయాలి.

ఇంత చేసినా పగిలిందనుకో, ఏడుస్తూ కూర్చోకు. రుచికి ఏ లోటూ ఉండదు. 240 గ్రాముల సోర్ క్రీమ్‌లో రెండు టేబుల్ స్పూన్ల చక్కెర కలిపి పైన పరిచావంటే పగులు కనబడదు, ఆ పులుపు గుమ్మడి తీపికి చక్కగా సరిపోతుంది కూడా. నిజానికి పగలకపోయినా నేను అదే వేస్తాను. విప్డ్ క్రీమ్, వేయించిన పీకన్ గింజలు, కారమెల్ లాంటివి వేసేట్టయితే వడ్డించే ముందే వెయ్యి, రాత్రంతా ఉంటే కారమెల్ కరిగి కారిపోతుంది, పీకన్లు మెత్తబడతాయి.

వచ్చేవాళ్లలో గుడ్డు తిననివాళ్లు ఉన్నారేమో ముందే అడుగు. వాళ్ల కోసమని ఇదే కొలతల్లో గుడ్లు తీసేస్తే మాత్రం కుదరదు. విడిగా ఓవెన్ లేకుండా చేసెయ్యి. 450 గ్రాముల క్రీమ్ చీజ్, 100 గ్రాముల పంచదార పొడి, బాగా ఇగిర్చిన గుమ్మడి గుజ్జు 200 గ్రాములు, అవే మసాలాలు కలిపి, 240 మిల్లీలీటర్ల హెవీ క్రీమ్‌ని గట్టిగా గిలకొట్టి అందులో మెల్లగా కలుపు. గ్లాసుల్లో బిస్కెట్ పొడి మీద నింపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే చాలు. కోసే పని కూడా ఉండదు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఏమేం వేశారో అది కూడా చదువు.

కారులో తీసుకెళ్లాలంటే రింగుతో సహా తీసుకెళ్లు, సీటు మీద కాకుండా కింద చదునైన చోట పెట్టు, సీటు ఒక వైపుకి వాలి ఉంటుంది. రింగు అక్కడికి వెళ్లాకే తియ్యి. వడ్డించడానికి అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీస్తే రుచి విచ్చుకుంటుంది. పొడుగాటి పల్చటి కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్క కోత, మళ్లీ ముంచి, తుడిచి, ఇంకో కోత. పన్నెండు ముక్కలు చెయ్యి, పండగ భోజనం అయ్యాక అంతకన్నా పెద్ద ముక్క ఎవరూ తినలేరు. మిగిలితే మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది. ముక్కలుగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా ఉంటాయి, తినాలనుకున్న ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి దింపుకో.

చేసే రోజు సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను. మధ్యలో ఆ వణుకు సరిపోతుందా లేదా అని అనుమానం వస్తే ఓవెన్ తలుపు దగ్గర నుంచే వీడియో తీసి పంపు, చూసి వెంటనే చెప్తాను.

మీ పెద్దమ్మ