ఇంగ్లీషు కవిత్వంలో 1819ని ఎలా చదవాలి?

పందొమ్మిదో శతాబ్దపు కవిత్వంలో ఒక్క ఏడాదిని ఎంచుకుని శ్రద్ధగా చదవాలంటే ఏది మంచిదని మీరు అడిగారు. డిగ్రీ కళాశాలలో చాలాకాలం ఇంగ్లీషు సాహిత్యం బోధించిన అనుభవంతో 1819 అని చెబుతాను. అయితే ఆ ఏడాది వెలువడిన పుస్తకాల జాబితాను చూస్తే దాని గొప్పతనం తెలియదు. ఆనాటి పాఠకులకూ తెలియలేదు. బైరన్ 'డాన్ జువాన్' మొదటి రెండు సర్గలు జూలైలో కవి పేరు లేకుండానే వచ్చి దుమారం రేపాయి గానీ, మిగిలిన గొప్ప కవితల్లో చాలావరకు అప్పటికి చేతిరాతలోనే ఉండిపోయాయి.

అందుకే తరగతిలో నల్లబల్ల మీద రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో కవిత రాసిన కాలాన్నీ రెండోదానిలో అచ్చయిన కాలాన్నీ వేసేవాడిని. కీట్స్ ప్రసిద్ధ ఓడ్‌లు (ఒక వస్తువునో భావాన్నో సంబోధిస్తూ రాసే కవితలు) చాలావరకు ఆ వసంతంలో రాసినవే, కానీ వాటిని చేర్చిన సంపుటి 1820లో వచ్చింది. 'ఓడ్ ఆన్ ఇండొలెన్స్' 1848 దాకా వెలుగు చూడలేదు. షెల్లీ 'ద మాస్క్ ఆఫ్ అనార్కీ' 1832లోనూ, 'ఇంగ్లండ్ ఇన్ 1819' అనే సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) 1839లోనూ అచ్చయ్యాయి. కవి మరణించింది 1822లో. ఆ రెండో వరుస నిండేసరికి పిల్లలే కారణం అడిగేవారు.

షెల్లీ విషయంలో కారణం స్పష్టమే. ఆగస్టు 16న మాంచెస్టర్‌లో పార్లమెంటు సంస్కరణలు కోరుతూ సభ చేసుకుంటున్న వేలాది జనం మీదికి గుర్రపు దళం కత్తులు దూసి దూకింది. పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఇటలీలో ఉన్న షెల్లీకి ఆ వార్త సెప్టెంబర్ మొదటివారంలో అందింది. జూన్‌లోనే మూడేళ్ల కొడుకు విలియంను రోమ్‌లో పోగొట్టుకున్న ఆ తండ్రి, తొంభైకి పైగా చరణాల 'ద మాస్క్ ఆఫ్ అనార్కీ' రాసి లండన్‌లోని సంపాదకుడు లీ హంట్‌కు పంపాడు. పాలకులను విమర్శించినందుకు అంతకుముందే రెండేళ్లు జైలులో ఉండివచ్చిన హంట్ దాన్ని ప్రచురించలేదు. ఆయనను తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే చివరకు దాన్ని అచ్చు వేయించినదీ ఆయనే.

ఆ మాంచెస్టర్ సభలో అరెస్టయి బెయిలు మీద విడుదలైన నాయకుడు హెన్రీ హంట్ (సంపాదకుడు లీ హంట్ కాదు, వేరే వ్యక్తి) సెప్టెంబర్ 13న లండన్ చేరినప్పుడు జనం వీధుల నిండా బారులు తీరారు. ఆ సమయంలో కీట్స్ లండన్‌లోనే ఉన్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడు జార్జికి ఆ సంగతి రాశాడు కూడా. తరువాత వించెస్టర్‌కు తిరిగివెళ్లి, 19వ తేదీ ఆదివారం నడకకు వెళ్లి వచ్చి 'టు ఆటమ్' రాశాడు. కోత ముగిసిన చేలు తనకు ఇంతగా ఎన్నడూ నచ్చలేదనీ, వసంతపు చలిపచ్చదనం కంటే అవే వెచ్చగా కనిపిస్తున్నాయనీ రెండు రోజుల తర్వాత మిత్రుడు రేనాల్డ్స్‌కు ఉత్తరం రాశాడు. గోదావరి డెల్టా పల్లెల నుంచి వచ్చిన నా విద్యార్థులకు ఈ ఉత్తరాన్ని వివరించాల్సిన అవసరమే రాలేదు. వరి కోసిన కొయ్యకాళ్ల మీద సాయంత్రపు ఎండ పడితే చేను ఏ రంగులో ఉంటుందో, కోతకు ముందు చల్లిన మినుము వాటి మధ్య ఎలా తలెత్తుతుందో వాళ్లే నాకు చెప్పారు. ఆ మాటల తర్వాత కవితలోని మూడో చరణం చదివితే తరగతిలో ఒక్కరూ తల దించుకోలేదు.

కాబట్టి సంకలనాల్లోని వరుసను పక్కనపెట్టి, కీట్స్ ఉత్తరాలను దగ్గర పెట్టుకుని, రాసిన తేదీల ప్రకారం చదవండి. ఒకే నెలలో పుట్టిన 'టు ఆటమ్'నూ 'ద మాస్క్ ఆఫ్ అనార్కీ'నీ పక్కపక్కన చదివాక, అక్టోబర్‌లో ఫ్లోరెన్స్ దగ్గర ఆర్నో నది ఒడ్డు అడవిలో షెల్లీకి తట్టిన 'ఓడ్ టు ద వెస్ట్ విండ్' తెరవండి. తన మాటలను మనుషుల మధ్య వెదజల్లమని ఆయన గాలిని అంతగా వేడుకున్నప్పుడు, లండన్‌కు పంపిన ఆ కవిత ఇంకా అచ్చు కాలేదు.