పొలంలో జీపు దొరికింది సరే, ఛాసిస్ నంబరు ఏదీ?

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక గ్రామం. 2019లో పక్క రైతు దగ్గర రెండెకరాలు కొన్నాం. మొన్న వేసవిలో చేపల చెరువు తవ్విస్తుంటే పొక్లెయిన్ బకెట్‌కు ఇనుము తగిలింది. ఆరడుగుల లోతులో పాత మహీంద్రా జీపు. మా తాతగారు 1971లో కొన్న జీపు 1986 ఆగస్టు వరదలో, ఏటిగట్టుకు గండి పడిన రాత్రి కొట్టుకుపోయింది. ఆ దిగులుతోనే ఆయన మంచం పట్టారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1994లో పోయారు. ఈ జీపు చూసి నానమ్మ స్టీరింగు పట్టుకుని ఏడ్చింది. నంబరు ప్లేటు లేదు. ఇంజన్ మీద కొన్ని అంకెలు కనిపిస్తున్నాయి. ఇంజన్ విప్పించి మెకానిక్‌కి ఇచ్చాను. పొలం అమ్మినాయన వచ్చి సగం వాటా అడుగుతున్నాడు. మా దస్తావేజులో ‘నిధి నిక్షేపములతో సహా’ అని రాసి ఉంది కాబట్టి నాదే కదా? అయినా ఇన్నేళ్ల తర్వాత ఎవరికీ హక్కు మిగలదు కదా? అదే మోడల్ జీపు ఆర్సీ ఒకటి ఉందని, ఆ నంబరు దీనికి కొట్టించేస్తే గొడవ ఉండదని మెకానిక్ అంటున్నాడు. హైదరాబాద్ నుంచి పాత బండ్లు కొనే ఒకాయన లక్షా ఎనభై వేలు ఇస్తానంటున్నారు. నాకైతే అమ్మాలని లేదు. తాతగారి గుర్తుగా బాగు చేయించుకుని తిరగాలని ఉంది. మీరే దారి చెప్పాలి.
– ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో తాతగారి దిగులు ఉంది, నానమ్మ కన్నీళ్లు ఉన్నాయి, హైదరాబాద్ ఆయన చెప్పిన రేటు కూడా ఉంది. ఛాసిస్ నంబరు, అంటే బండి అడుగు చట్రం మీద కొట్టే నంబరు, మాత్రం లేదు. ఈ వ్యవహారమంతా తేలేది ఆ ఒక్కదాని మీదే. అది మీ తాతగారి జీపు అని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, అంతే. ఆ వరదలో దవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది. ఆ నీళ్లలో లంకల్లోంచి పోయిన బండి మీ తాతగారిది ఒక్కటే అయి ఉంటుందా? ఆ రోజుల్లో మోతుబరి ఇళ్లలో, కాంట్రాక్టర్ల దగ్గర, ప్రభుత్వ ఆఫీసుల్లో అందరికీ అవే జీపులు.

ఇంజన్ మీద అంకెలు కనిపిస్తున్నాయని ధైర్యపడకండి. పాత జీపులకు ఇంజన్లు మార్చడం మామూలే. ఒక బండి ఇంజన్ ఇంకో బండిలోకి ఎక్కి ఉండొచ్చు. ఛాసిస్ ఫ్రేము మీద కొట్టిన నంబరే బండికి అసలు గుర్తింపు. తుప్పు కింద అది దాగి ఉంటుంది. దయచేసి గ్రైండరు పెట్టించకండి, ఇసుకతో రుద్దించకండి. కిరోసిన్, మెత్తటి బ్రష్షు చాలు. అప్పటికీ కనబడకపోతే వదిలేయండి. అంకె కొట్టినప్పుడు దాని అడుగున లోహం నొక్కుకుపోతుంది. తుప్పు మరీ లోతుగా తినేయకపోతే, పైన అరిగిపోయినా ఫోరెన్సిక్ లేబొరేటరీ వాళ్లు యాసిడ్ పూసి ఆ అంకెలు పైకి తేగలరు. మీరు గ్రైండరు పెడితే ఆ అవకాశమూ పోతుంది. పైగా కావాలనే చెరిపేశారన్న మాట మీ మీద పడుతుంది.

ఇక మీరు చేసిన పని సంగతి. ఇనుము తగలగానే పొక్లెయిన్ ఆపించి, ఫోటోలు తీయించి, ఊళ్లో నలుగురు పెద్దమనుషుల్ని, వీఆర్వోని పిలిపించి ఒక పంచనామా రాయించుకుని ఉంటే ఈ రోజు సగం టెన్షన్ ఉండేది కాదు. జీపు ఏ లోతులో ఉంది, ఎటు తిరిగి ఉంది, పైన ఒండ్రు పొరలు పొరలుగా మేట వేసి ఉందా, లేక ఇటుక ముక్కలు కలిసిన మట్టి పోసి ఉందా? వరద తెచ్చి పూడ్చిందా, మనిషి గొయ్యి తీసి పాతిపెట్టాడా అన్నది తేల్చేవి ఈ వివరాలే. మనిషి పాతిపెట్టిన బండి అయితే దాని వెనక దొంగతనమో, ఇంకేదైనా నేరమో ఉండొచ్చు. మీరు ఇదంతా వదిలేసి నేరుగా ఇంజన్ విప్పించారు! పొక్లెయిన్ ఆపరేటర్ ఫోన్లో వీడియో తీసే ఉంటాడు, ఈ రోజుల్లో తీయని వాడెవడు? అసలు ఫైలు అతని ఫోన్లోంచి చెరిగిపోకముందే కాపీ చేయించుకోండి. అతని దగ్గర, కూలీల దగ్గర చూసింది చూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. తవ్విన మట్టి కుప్ప ఇంకా గట్టు మీద ఉంటే దాన్నీ ఫోటో తీయండి.

దస్తావేజు గురించి. ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అన్న మాటలు మన దస్తావేజు లేఖరులు తరతరాలుగా రాస్తున్నవే. అమ్మేవాడికి ఆ భూమిలో ఉన్న హక్కులన్నీ మీకు వచ్చాయని దాని భావం. అతనికి లేని హక్కును ఆ మాటలు పుట్టించలేవు. వేరొకరి పేరు మీద రిజిస్టరైన బండి అతని పొలం అడుగున పడి ఉన్నంత మాత్రాన అతనిది కాలేదు. కాబట్టి దస్తావేజు ద్వారా మీదీ కాలేదు. గోడ, బోరు పైపు లాంటివి భూమిలో భాగం అవుతాయి. వరదకు కొట్టుకొచ్చి కూరుకుపోయిన జీపు అలా కాదు, అది చరాస్తిగానే మిగులుతుంది. అదే కారణంతో పొలం అమ్మినాయనకు సగం కాదు, ఒక బోల్టు కూడా రాదు. జీపు తనదేనంటే ఆర్సీ చూపించమనండి. ఊళ్లో ఎవరో ‘నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి’ అని బెదిరించే ఉంటారు. 1878 నాటి నిధి చట్టం నేలలో దాచిపెట్టిన వస్తువుల గురించి. వరదలో పోయిన బండిని ఎవరూ దాచలేదన్నది నా అభిప్రాయం. అయినా తహసీల్దారు ద్వారా కలెక్టరుకు ఒక ఉత్తరం పెడితే మీకు పోయేదేమీ లేదు. రేపు ఎవరైనా వేలెత్తితే అక్నాలెడ్జ్‌మెంట్ చూపించవచ్చు.

ఇప్పుడు కాలపరిమితి. మీలాగే చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ‘నలభై ఏళ్లు అయిపోయింది, ఇంకెవరడుగుతారు’ అంటున్నారు. పోయిన చరాస్తిని తిరిగి అడగడానికి 1963 కాలపరిమితి చట్టం 68వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. నిజమే, మూడేళ్లే. ఆ మూడేళ్లు ఎప్పటి నుంచి లెక్క? వస్తువు పోయిన రోజు నుంచి కాదు. అది ఎవరి దగ్గర ఉందో హక్కుదారుడికి మొదటిసారి తెలిసిన రోజు నుంచి. అసలు యజమానికో, అతని వారసులకో మీ షెడ్డులో ఉన్న జీపు సంగతి ఇంకా తెలియకపోతే వాళ్ల గడువు మొదలే కాలేదు. మీరు ఎంతకాలం దాస్తే అంతకాలం వాళ్ల హక్కు అలాగే ఉంటుంది. మోసంతో దాచారని తేలితే 17వ సెక్షన్ కూడా వాళ్ల పక్షానే నిలబడుతుంది. అదే మీరు రిజిస్టరు పోస్టులో నోటీసు ఇస్తే, అది అందిన రోజు నుంచి మూడేళ్లు నడుస్తాయి. అప్పటికీ వాళ్లు దావా వేయకపోతే 27వ సెక్షన్ కింద వాళ్ల హక్కే ఆరిపోతుంది. చట్టం ఇక్కడ బయటపెట్టిన వాడికే మేలు చేస్తుంది. పోస్టాఫీసు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జీపు కన్నా భద్రంగా దాచుకోండి.

మెకానిక్ సలహా విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. వేరే బండి ఆర్సీ తెచ్చి, ఆ నంబరు దీని ఛాసిస్ మీద కొట్టించడం ఫోర్జరీ. మోసం చేసే ఉద్దేశంతో ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఆ పేపర్లు పెట్టి హైదరాబాద్ ఆయనకు అమ్మితే మోసం కేసు వేరుగా. తనిఖీలో పట్టుబడిన రోజు మెకానిక్ మీ పక్కన ఉండడు. ‘ఆ కుర్రాడు తెచ్చాడు, నేను వెల్డింగ్ చేశాను’ అంటాడు. ఆ ఆర్సీ అసలు బండి ఏమైందో, దాని మీద ఏ కేసు ఉందో మీకు తెలియదు. పాత ఇనుము వ్యాపారికి కేజీల లెక్కన అమ్మేద్దామన్న ఆలోచనా మానుకోండి. యజమానిని కనుక్కునే దారి ఉండి కూడా దొరికిన వస్తువును సొంతానికి వాడుకుంటే అదే న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది. ఆరు నెలలకు తగ్గని, రెండేళ్ల వరకు శిక్ష, జరిమానా. ఇంజన్ మీద అంకెలు కనిపిస్తున్నాయని మీ చేత్తోనే రాశారు. యజమానిని కనుక్కునే దారి ఉందని ఒప్పుకున్నట్టే.

సరే, ఏం చేయాలి?

ముందు ఇంట్లో వెతకండి. 1971 నాటి ఆర్సీ, పన్ను కట్టిన రసీదు, ఇన్సూరెన్స్ పాలసీ, ఫైనాన్స్ కాగితం, వరద నష్టం కోసం అప్పట్లో తాతగారు పెట్టుకున్న అర్జీ, ఏదైనా సరే నంబరు ఉన్న కాగితం కావాలి. పాత ట్రంకుపెట్టె, దేవుడి గది అటక రెండూ చూడండి. జీపు ముందు నిలబడి దిగిన పెళ్లి ఫోటో ఉన్నా పనికొస్తుంది, నంబరు ప్లేటు కనిపించాలి. ఆ నంబరుతో కాకినాడ రవాణా కార్యాలయంలో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే బండి రిజిస్ట్రేషన్ వివరాలు రాసిన పుస్తకం నకలు, అడగండి. అందులో ఛాసిస్, ఇంజన్ నంబర్లు రెండూ ఉంటాయి. పుస్తకం చెదలు తినేసిందంటారేమో, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ‘రికార్డు లభ్యం కాలేదు’ అని రాసిచ్చినా అది మీరు శ్రద్ధగా వెతికారనడానికి సాక్ష్యం.

అదే వారంలో మీ పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా తెలియజేసి, జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ రాసే పుస్తకం) ఎంట్రీ నంబరు తీసుకోండి. జీపును స్టేషన్‌కు తోలుకుపోతారని మీ భయం. అనుమానం వస్తే స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. కానీ స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్ల ఆవరణలో ఏళ్ల తరబడి కుళ్లబెట్టవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కేసుల విధివిధానాలు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టి, పూచీకత్తు మీద మీ కస్టడీకి అడగవచ్చు. యజమాని ఎవరో తెలియకపోతే మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు ఎదురుచూస్తారు. ఎవరూ రాకపోతే, మీ దగ్గరకు న్యాయంగా వచ్చిందని మీరు చూపించలేకపోతే, అది ప్రభుత్వ పరం కావచ్చు. పంచనామా గురించి అంత గట్టిగా అన్నది ఇందుకే. అన్నట్టు, చెరువుకు అనుమతి ఉందో లేదో మీరు రాయలేదు. పొలాన్ని చేపల చెరువుగా మార్చడానికి అనుమతి కావాలి. లేకపోతే ముందు ఆ కాగితాలు చూసుకుని స్టేషన్ మెట్లెక్కండి, జీపు కన్నా ముందు అదే అడగొచ్చు.

నంబర్లు కలవలేదనుకోండి. అప్పుడు మీరు వస్తువు దొరికిన మనిషి మాత్రమే. 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దాన్ని జాగ్రత్తగా కాపాడాలి. యజమాని వస్తే పొక్లెయిన్ అద్దె, తరలింపు ఖర్చు వంటివి ఇచ్చే వరకు జీపు ఆపుకోవచ్చు. అమ్మే హక్కు అరుదుగానే వస్తుంది: ఎంత వెతికినా యజమాని దొరకకపోయినా, దొరికీ ఖర్చులు ఇవ్వనన్నా, దానికి తోడు వస్తువు పాడైపోయే స్థితిలో ఉండడమో, మీకు న్యాయంగా రావలసిన ఖర్చులు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరడమో జరగాలి. బిల్లులు ఉన్నాయా?

కలిశాయనుకోండి, అప్పుడూ అది మీ ఒక్కరిదే కాదు. ముందుగా తాతగారు 1986లో ఇన్సూరెన్స్ క్లెయిమ్ తీసుకున్నారేమో చూడండి. మొత్తం నష్టం కింద డబ్బు ఇచ్చేసి ఉంటే ఆ కంపెనీ తనకూ హక్కుందనవచ్చు. అదేమీ లేకపోతే వారసుల సంగతి. ఉత్తరం చివర, ఇక్కడ వేయని భాగంలో, కుటుంబ వివరాలు రాశారు: నానమ్మ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తాతగారి స్వార్జితం ఆరు సమాన వాటాలు. మీ అత్తయ్యలకు ఎప్పుడో పెళ్లిళ్లయ్యాయన్న మాట పనికిరాదు. మీ నాన్నగారు పోయారు కాబట్టి ఆయన ఆరో వంతు మళ్లీ నానమ్మకు, అమ్మకు, మీకు, మీ చెల్లెలికి. మీ వంతుకు వచ్చేది ఇరవై నాలుగో భాగం. చక్రం కూడా రాదు. కాబట్టి నానమ్మ మాట చెల్లే రోజుల్లోనే బాబాయిలను, అత్తయ్యలను కూర్చోబెట్టి, తమ వాటాలు మీకు వదులుకుంటున్నట్టు స్టాంపు కాగితం మీద సంతకాలు, సాక్షులతో రాయించుకోండి. చరాస్తి కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వాళ్లు డబ్బు అడిగితే ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట వద్దు.

తిరగాలన్న కోరిక గురించి చివరగా. పాత రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పాత ఆర్సీ కావాలి, పేరు తేలాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు చేసిన బండికి అది రాదు. కాబట్టి మెకానిక్ కొత్త డీజిల్ ఇంజన్ ఎక్కిస్తానంటే ఒప్పుకోవద్దు. ఇంకో సంగతి, వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఆయిల్ పోయించుకోవడానికే రోడ్డెక్కించాలి. రోజూ అమలాపురం వెళ్లి రావడానికి కుదరదు.