సీసం కరిగించేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విసురు వల అల్లకం గురించి కిందటి సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం వల అంచుకు గుచ్చే సీసపు గుండ్ల గురించే. పాత సీసం కొని ఇంటి దగ్గరే పోసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

టైర్ల షాపులో చక్రాలకు కొట్టే తూకం ముక్కలు, పాత నీళ్ల గొట్టం, టెలిఫోన్ కేబుల్ మీది సీసపు తొడుగు, అన్నీ కలిపి 8 కిలోలు పోగయ్యాయి. 3 మీటర్ల వలకు సరిపోతుందా? ఎలా కరిగించాలి?
– పాఠకుడు, ఉప్పాడ

సరిపోవడమే కాదు, మిగులుతుంది. నడిమి నుంచి అంచుదాకా 3 మీటర్లున్న వలకు చుట్టుకొలత దాదాపు 19 మీటర్లు. 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 190 గుండ్లు పడతాయి. 10 మిల్లీమీటర్ల లావు, 20 మిల్లీమీటర్ల పొడవు, మధ్యలో 4 మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న గుండు 15 గ్రాములు తూగుతుంది. అంటే మీ వలకు కావలసింది 3 కిలోల లోపే.

కరిగించే ముందు మూడు రకాలనూ విడివిడిగా కుప్ప పోయండి. గొట్టం, కేబుల్ తొడుగు మెత్తటి సీసం, గోటితో గీస్తే గీత పడుతుంది. చక్రాల ముక్కల్లో కొంచెం ఆంటిమొనీ ఉంటుంది కనుక గట్టి. వాటిలో జింకువీ ఇనుపవీ కూడా కలిసిపోయి వస్తాయి. ప్రతి ముక్కనూ కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చూడండి. సీసమైతే పళ్లు మెత్తగా దిగబడతాయి. జింకు మీద జారతాయి, నేలమీద పడేస్తే ఖంగుమంటుంది. కేబుల్ తొడుగును నిలువుగా చీల్చి లోపలి కాగితం, తారు మొత్తం తీసేయాలి. గొట్టాన్ని జానెడు ముక్కలుగా కోసి రెండు వైపుల నుంచీ వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి. నొక్కుకుపోయి మూసుకున్న గొట్టంలో నీటి చుక్క మిగిలిందంటే అది లోపలే ఆవిరై కరిగిన సీసాన్ని మొహం మీదికి ఎగజిమ్ముతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ పనిలో ఘోరంగా కాలిన గాయాలకు మొదటి కారణం ఇదే.

అందుకే రెండు నియమాలు. తుక్కును చల్లటి గిన్నెలో వేసి, ఆ తర్వాతే మంట వెలిగించాలి. అప్పుడు తడి ఏమన్నా ఉంటే సీసం కరిగేలోపే ఎగిరిపోతుంది. కరిగిన సీసంలో మళ్లీ ముక్కలు వేయకండి. మిగిలిన తుక్కును తర్వాతి వాయికి ఉంచుకోండి. గరిటెను కూడా గిన్నె అంచున పెట్టి బాగా వేడెక్కాకే ముంచాలి. చల్లటి గరిటె మీద కంటికి కనపడని చెమ్మ ఉంటుంది.

గిన్నె మందపాటి ఇనుముదో ఉక్కుదో అయి ఉండాలి. అల్యూమినియం గిన్నె వద్దు, అడుగున మంట సూటిగా తగిలేచోట మెత్తబడి తూట్లు పడుతుంది. జింకు పూతున్న బకెట్ అసలే వద్దు. లీటరు సీసం 11 కిలోలకు పైనే ఉంటుంది కనుక వంటింటి స్టవ్వు కాళ్లు ఆ బరువుకు ఆగవు. వెడల్పాటి కాళ్లున్న ఇనుప గ్యాస్ పొయ్యి ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా పెట్టుకోండి. వానకారు, మంచు కురిసే తెల్లవారుజాము మానుకోండి. లుంగీ, చెప్పులతో కూర్చోవద్దు. నూలు ప్యాంటు బూటు మీదికి దిగి ఉండాలి, బూటు లోపలికి దోపితే జారిన సీసం అందులోకే పోతుంది. మొహానికి పూర్తి కవచం, చేతికి తోలు గ్లవుజులు తప్పనిసరి.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. శుభ్రం చేసే దశలో 370 దాటనివ్వకండి. జింకు 419 దగ్గర గాని కరగదు. కాబట్టి మీ కంటికి తప్పించుకున్న జింకు ముక్క ఈ వేడిలో గట్టిగానే ఉండి, సీసం కన్నా తేలిక కనుక పైకి తేలుతుంది. చక్రాల ముక్కలకుండే ఇనుప క్లిప్పులూ అంతే. జల్లి గరిటెతో ఎత్తేయొచ్చు. వేడి కొలవడానికి ఉక్కు కడ్డీ ఉన్న థర్మోకపుల్ వాడండి. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ను మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది, అసలుకన్నా బాగా తక్కువ చెబుతుంది. కొలిచేది లేకపోతే ఒక గుర్తు ఉంది. తెట్టు పక్కకు నెట్టినప్పుడు అద్దంలా మెరిసే పైభాగం కాసేపు వెండిలాగే నిలిస్తే వేడి సరిగ్గా ఉంది. చూస్తుండగానే పసుపు తిరిగి, ఊదా, నీలం పొరలు కట్టిందంటే మంట తగ్గించాలి.

శుభ్రమైన సీసాన్ని గిన్నెలో గడ్డకట్టనివ్వకుండా ఇనుప యాంగిల్ ముక్కల్లో కడ్డీలుగా పోసుకోండి. గిన్నెలో గడ్డకట్టిన సీసాన్ని మళ్లీ వేడిచేస్తే అడుగు ముందు కరిగి, పైన గట్టి మూత మిగిలి, ఆ మూత పగుళ్లలోంచి చిమ్మే ప్రమాదం ఉంది. పాత ఇడ్లీ రేకుల్లో పోసేవాళ్లున్నారు, అది మాత్రం వద్దు. తోమి పెడితే ఎప్పుడో ఒకప్పుడు వంటింటికి చేరుతుంది.

పైన బూడిదరంగు తెట్టు కడుతోంది. తీసేసిన కొద్దీ వస్తూనే ఉంది, కిలోకు పావుకిలో పోతోంది. కొవ్వొత్తి ముక్క వేయమంటున్నారు. నిజమేనా?
– పాఠకుడు, నిజాంపట్నం

నిజమే. మీరు పారేస్తున్నదంతా మురికి కాదు. గాలి తగిలి సీసం, అందులో తగరం ఉంటే ముందు తగరం, ఆక్సైడ్‌గా మారతాయి. ఆ పొడి మధ్య మంచి సీసం కూడా చిన్న చిన్న బొట్లుగా చిక్కుకుంటుంది. కర్బనం ఉన్న వస్తువు ఏదైనా వేసి కలిపితే అది ఆక్సైడ్‌లోని ప్రాణవాయువును లాక్కుంటుంది, లోహం తిరిగి గిన్నెలోకి దిగుతుంది.

తుక్కును మొదటిసారి కరిగించినప్పుడు మైనం కన్నా రంపపు పొట్టు మేలని మా అభిప్రాయం. మైనం ఆక్సైడ్‌ను వెనక్కి తిప్పుతుంది గాని మట్టి, సున్నం లాంటి మలినాలను పొట్టులా పట్టి లాగదు. రంగులూ జిగురూ లేని కలప పొట్టు తీసుకోండి. ప్లైవుడ్ పొట్టు పనికిరాదు. ఎర్రటి ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. 5 కిలోల సీసం మీద రెండు గుప్పిళ్లు పరచి, కదపకుండా వదిలేయండి. అది పొగచూరి, నల్లబడి, బొగ్గయ్యేదాకా ఆగాలి. పొట్టులో మిగిలిన తేమ పైపైనే పోవాలన్నదే ఈ ఆగడంలోని అర్థం. పచ్చి పొట్టును తొందరపడి లోపలికి కలిపితే సీసం చిమ్ముతుంది. నల్లబడ్డాక పొడవాటి పొడి కర్రతోనో ఇనుప గరిటెతోనో అడుగును, అంచులను గీరుతూ 3, 4 నిమిషాలు నెమ్మదిగా కలపండి. మొదట ముద్దగా బరువుగా ఉన్న తెట్టు కాసేపటికి విడిపోయి, గరిటెకు అంటని నల్లటి పొడి బూడిద అవుతుంది. అది కనబడ్డాకే తీయాలి. తీసేముందు గరిటెను గిన్నె అంచుకు తట్టండి, చిక్కుకున్న బొట్లు జారిపోతాయి.

పొట్టుతో రెండుసార్లు చేశాక మూడోసారికి శనగగింజంత తేనెమైనమో కొవ్వొత్తి ముక్కో చాలు. వేసిన వెంటనే తెల్లటి పొగ లేస్తుంది, ఒక్కోసారి భగ్గున అంటుకుంటుంది. కనుక మొహం దూరంగా ఉంచి పొడవాటి పుల్లతో మీరే అంటించేయండి, పొగ తగ్గుతుంది.

ఇక ఆ బూడిద. అది గిన్నెలోని సీసం కన్నా ప్రమాదకరం. 400 డిగ్రీల దగ్గర సీసం ఆవిరి చాలా తక్కువ. మనిషిలోకి వెళ్లేది ఎక్కువగా ఈ సన్నటి పొడే, గాలితోనూ చేతుల నుంచి నోటికీ. వేడి తగ్గగానే మూతున్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, పేరు రాసి, పిల్లలకు అందనిచోట పెట్టండి. సీసం రీసైక్లింగ్‌కు అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. కొబ్బరిచెట్టు మొదట్లో, మురుగుకాలువలో పోయకూడదు.

గుండ్లు ముడతలు పడుతున్నాయి. కొన్ని సగమే నిండుతున్నాయి. బెజ్జం కోసం పెట్టిన కడ్డీ బయటికి రావడం లేదు.
– పాఠకుడు, కైకలూరు

ముడతలంటే అచ్చు చల్లగా ఉందని. మొదటి నాలుగైదు గుండ్లు ఎవరికైనా అలాగే వస్తాయి, వాటిని పక్కన పెట్టి తర్వాతి వాయిలో కరిగించుకోవచ్చు. అచ్చును గిన్నె పక్కన వేడెక్కించి, 380–400 డిగ్రీల సీసం ఆగకుండా ఒకే ధారగా పోయండి. సగం నిండడానికి కారణం లోపలి గాలికి దారి లేకపోవడం. రెండు దిమ్మెలు కలిసే ముఖాన ఆకురాయితో వెంట్రుక మందాన గీతలు గీయండి. గడ్డకట్టేటప్పుడు సీసం సుమారు మూడున్నర శాతం కుంచించుకుంటుంది, అందుకే పోతకన్నం పైన కొంచెం సీసం పొంగి నిలవాలి. అది లోపలికి దిగుతూ లోటు నింపుతుంది. ఆ కుంచించుకోవడమే కడ్డీని బిగిస్తుంది. కడ్డీని ఉక్కుతో, ఒక కొన కాస్త సన్నగా చేయించి, కిరసనాయిలు దీపం మసి పట్టించండి. సీసం గట్టిపడ్డ కొద్ది క్షణాలకే, వేడి తగ్గకముందే తిప్పి లాగేయాలి. గుండు పైన మంచు పట్టినట్టు తెల్లగా గరుకుగా ఉంటే అచ్చు మరీ వేడెక్కింది, రెండు నిమిషాలు ఆపండి. మట్టి అచ్చు, ప్లాస్టర్ అచ్చు ఓవెన్లో పూర్తిగా ఎండకుండా వాడొద్దు.

కరిగించిన సీసం జావలా అయిపోయింది, ఎంత మంట పెట్టినా పలచబడదు.
– పాఠకుడు, నాగార్జునసాగర్

జింకు కలిసిపోయింది. వేడి 420 దాటాక వేయకూడని ముక్క కరిగి ఉంటుంది. పొట్టు వేసి కొంత లాగవచ్చు గాని పూర్తిగా పోదు. మంట పెంచితే పొగ తప్ప ఫలితం ఉండదు. వేడిని 340 దగ్గరికి దించి, పైన తేలే మెత్తటి ముద్దను ఎత్తేసి, మిగిలినదాన్ని పెద్ద లంగరు బరువులకు వాడుకోండి. సన్న గుండ్లకు అది పనికిరాదు.

పాత కారు బ్యాటరీలు చవగ్గా దొరుకుతున్నాయి.
– పాఠకుడు, కర్నూలు

వద్దు. లోపలి ప్లేట్ల మీది పేస్టు సీసపు సల్ఫేట్, ఆక్సైడ్. ఇంటి పొయ్యి వేడికి అది సీసంగా మారదు, విషపు బూడిదగా మిగులుతుంది. ఆమ్లం కళ్లు పోగొడుతుంది. ప్లేట్లలో కాల్షియంతో పాటు ఆర్సెనిక్, ఆంటిమొనీ ఉంటే, తీసిన తెట్టుకు చెమ్మ తగిలినప్పుడు ఆర్సీన్, స్టిబీన్ అనే వాయువులు పుడతాయి. కొద్దిపాటి ఆర్సీన్ కూడా ప్రాణం తీయగలదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం కూడా పాత బ్యాటరీ వెళ్లాల్సింది అమ్మినవారికో, నమోదైన రీసైక్లర్‌కో.

మూతపడ్డ అచ్చాఫీసులో సీసపు అక్షరాలు 20 కిలోలు ఉన్నాయి. గుండ్లకు పనికొస్తాయా? అమెరికాలో మా బంధువు ఇలాంటి లోహంతోనే తుపాకి గుండ్లు పోసుకుంటాడట.
– పాఠకుడు, తెనాలి

ఆ లోహం కేవలం సీసం కాదు. అక్షరాలను వరుసలుగా పోతపోసే లైనోటైప్ యంత్రానికి వాడే మిశ్రమంలో 84 పాళ్లు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. అది 240 డిగ్రీల చుట్టుపక్కలే కరిగి, అక్షరం అంచు కూడా పోకుండా అచ్చు నింపుతుంది. విడి అక్షరాల లోహం ఇంకా గట్టిది. వల గుండుకు ఆ గట్టిదనం అక్కరలేదు, సుత్తితో నొక్కితే పగులుతుంది కూడా. తుపాకి గుండుకు కావాలి. గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో మెత్తటి సీసం 5, లైనోటైప్ 22. అమెరికాలో పోసుకునేవాళ్లు ఈ రెంటినీ, చక్రాల ముక్కలనూ కలిపి తమ తుపాకి వేగానికి సరిపోయే గట్టిదనం తెచ్చుకుంటారు. మరీ మెత్తనైతే గొట్టం లోపల సీసం పూతలా అంటుకుపోతుంది. శుభ్రం చేసే పద్ధతి మాత్రం పైన చెప్పిందే. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, ఆ ప్రయత్నం చేయకండి.

మీ 20 కిలోలనూ కరిగించవద్దనే చెబుతాం. ఒత్తులు, వట్రసుడులు, తలకట్లతో సహా ఒక తెలుగు సెట్టు పూర్తిగా ఉంటే, దాన్ని అచ్చుపని నేర్పేవాళ్లకో గ్రంథాలయానికో ఇవ్వండి. మళ్లీ పోతపోసేవాళ్లు దొరకరు.

ఇంట్లో మూడేళ్ల పాప, కడుపుతో ఉన్న కోడలు ఉన్నారు. నోటికి తువ్వాలు కట్టుకుని పెరట్లో చేస్తే చాలా? పని అయ్యాక బెల్లం తింటే సీసం విరుగుతుందంటారు.
– పాఠకురాలు, భీమవరం

ఆ పెరట్లో వద్దు తల్లీ. ఇది బెదిరింపు కాదు. పిల్లల ఒంటికి ఇంత సీసం పరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చంటిపిల్లలు నేలమీద పాకి, చేతులు నోట్లో పెట్టుకుంటారు. తల్లి రక్తంలోని సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఇల్లు, బావి, కూరమడి లేని చోటు చూసుకోండి, లేదా పోసిన గుండ్లు కొనుక్కోండి.

తువ్వాలు ఆ పొడిని ఆపదు. తెట్టు తీసేటప్పుడు, డబ్బాలోకి ఎత్తేటప్పుడు మొహానికి అతికినట్టుండే పీ100 రకం ఫిల్టర్ మాస్కు కావాలి. పనిచేసేచోట తినడం, తాగడం, బీడీ కాల్చడం, ఆకువక్క వేయడం కూడదు. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. పని బట్టలూ బూట్లూ ఇంట్లోకి తేకూడదు, విడిగా ఉతకాలి. స్నానం చేశాకే పాపను ఎత్తుకోవాలి.

బెల్లం సీసాన్ని బయటికి తీయదు. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువున్నప్పుడు సీసం ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి రాగులు, ఆకుకూరలు, పాలు మంచివే. కాని అవి మందు కావు. ఇప్పటికే ఇంటి దగ్గర చేసి ఉంటే ముగ్గురూ రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. వేలి కొస కాకుండా నరం నుంచి తీసిన రక్తం ఇవ్వాలి, వేలి చర్మం మీది పొడి లెక్క తప్పిస్తుంది. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి వస్తే ఆ సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. పాప విషయంలో 3.5 వచ్చినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.