డ్రైవర్ సైడ్ అంటే ఎటు వైపు, తమ్ముడూ?

గుంటూరు బ్రాడీపేట నుంచి డాలస్ వెళ్లి ఇంకా ఆర్నెల్లు కూడా కాని తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, పదేళ్ల పాత కారు కొన్నాను. డ్రైవర్ సైడ్ కిటికీ అద్దం కింద ఉండే నల్ల రబ్బరు ఎండిపోయి పెచ్చులు లేస్తోంది. వాన పడితే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది. ఇక్కడ షాపువాడు చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. మీరు సెలవులకి విజయవాడ వచ్చారటగా. ఆటోనగర్‌లో ఆ ముక్క దొరికితే తిరిగొచ్చేటప్పుడు తెస్తారా?"

తేను తమ్ముడూ. బద్ధకించి కాదు. పేరు ఒకటే అయినా అక్కడ అమ్మే కారుకీ ఇక్కడ అమ్మే కారుకీ తలుపు కొలత కలుస్తుందన్న నమ్మకం లేదు. రబ్బరు ముక్క అరంగుళం తేడా వస్తే అది ఎందుకూ పనికిరాదు.

నీ ఉత్తరం చదివేటప్పటికి నేను ఆటోనగర్‌లోనే ఉన్నాను. నాన్నగారి కారుకీ ఇదే జబ్బు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, ఏళ్ల తరబడి పటమటలో ఆరుబయట ఎండకి నిలబడ్డ కారు రబ్బరు ఓ లెక్కా? అక్కడ మెకానిక్ కుర్రాడు అడిగాడు, "ఎటు సార్, డ్రైవర్ సైడా?" అని. నేను ఎడమ తలుపు చూస్తూ "ఆ, డ్రైవర్ సైడే" అన్నాను. అమెరికాలో పద్నాలుగేళ్ల అలవాటు మరి! వాడు వెళ్లి కుడివైపు ముక్క తెచ్చి, పెట్టబోయి, నా మొహం చూసి నవ్వాడు. "ఇది ఇండియా సార్" అన్నాడు.

నవ్వులాటకి చెప్పట్లేదు. నువ్వు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేస్తావు. అక్కడ డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు. పార్టు మీద ఎల్‌హెచ్ అంటే ఎడమ, ఆర్‌హెచ్ అంటే కుడి. అది కారులో కూర్చుని ముందుకి చూసేవాడి ఎడమ, కుడి. కారు ఎదురుగా నిలబడి చూస్తే తారుమారు. పార్టు నంబరు మాత్రం కారు విన్ నంబరు (ఒక్కో కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చెప్పి డీలర్ కౌంటర్‌లో అడుగు. విన్ నంబరు ముందు అద్దం మూలన, డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చెప్పిన రబ్బరుకీ కార్పెట్ తడికీ సంబంధం ఉండకపోవచ్చు. అద్దం కింద బయటికి కనిపించేది బెల్ట్ మౌల్డింగ్, మన మెకానిక్కుల మాటలో బయటి బీడింగ్. దాని పని అద్దం మీది నీళ్లనీ దుమ్మునీ చాలావరకు తుడవడం. కొంత నీరు ఎలాగూ తలుపు లోపలికి దిగుతుంది. దిగినా పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. లోపలి అట్టకీ రేకుకీ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది, నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా. ఆకులూ మట్టీ చేరి రంధ్రాలు పూడుకుపోయినా, పాత యజమాని స్పీకర్ మార్చేటప్పుడు షీటు పీకి సరిగ్గా అంటించకపోయినా నీ కాళ్ల దగ్గర చెరువే. కారుకి సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు మూసుకుపోయినా ఇంతే. ఇవేమీ చూడకుండా బీడింగ్ మారిస్తే డబ్బులు పోతాయి, తడి మాత్రం పోదు.

ఇంకోటి, తలుపు చుట్టూ తిరిగే మెత్తటి రబ్బరు. దాన్ని పరీక్షించడం తేలిక. ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వెయ్యి, లాగు. బిగువుగా వస్తే మంచిదే. జారుతూ వచ్చేస్తే అక్కడ రబ్బరు అణిగిపోయిందన్నమాట. తలుపు చుట్టూ జానెడుకొకచోట చూడు. తర్వాత రూమ్‌మేట్‌ని టార్చితో లోపల కూర్చోబెట్టి, గొట్టంతో సన్నగా నీళ్లు కింద నుంచి మొదలుపెట్టి పైకి పట్టు. పై నుంచి పోస్తే నీరు ఎక్కడ పడితే అక్కడ దిగుతుంది, ఎటు నుంచి వచ్చిందో తెలియదు.

నా ఘనకార్యం కూడా విను. ఒహాయోలో మొదటి చలికాలం, తలుపు రబ్బరు రేకుకి గడ్డకట్టుకుని ఉంది. ఆఫీసు టెన్షన్‌లో తలుపు ఒక్క గుంజు గుంజాను, రబ్బరు చిరిగింది. సూపర్ గ్లూ పెట్టాను. ఆరాక అప్పడంలా గట్టిపడి, నాలుగోసారి తలుపు వేసేసరికి టప్పున విరిగింది. మళ్లీ అంటుకోకుండా ఉంటుందని పెట్రోలియం జెల్లీ రాశాను. ఈ రబ్బరుకి నూనె జాతివేవీ పడవు, ఉబ్బి జిగటగా తయారవుతుంది. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కూడా అంతే. సిలికాన్ గ్రీజు గుడ్డకి అద్ది పలచగా రాస్తే చాలు. డాలస్ ఎండకీ అది మంచిదే. స్ప్రే మాత్రం వద్దు, అద్దం మీద పడితే జిడ్డు వదలదు.

చిన్న చిరుగైతే నల్లటి వెదర్‌స్ట్రిప్ అడ్హెసివ్ దొరుకుతుంది. ముందు రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడువు, రెండు ముఖాలకీ పలచగా రాసి, వేలికి జిగటగా తగిలే దశకి వచ్చాక కలిపి నొక్కు. పెచ్చులు లేస్తున్న బీడింగ్‌ని మాత్రం జిగురు బాగుచెయ్యదు, దాన్ని మార్చాల్సిందే.

మార్చడం ఎలాగో కుర్రాడు పని చేస్తుంటే దగ్గరుండి చూశాను. అద్దం పూర్తిగా దించాడు. బీడింగ్ కింద పెయింటు మీద పొడుగునా టేపు అంటించాడు. తలుపు తెరిచి అంచున ఉన్న చిన్న స్క్రూ విప్పాడు. పాతది ప్లాస్టిక్ పలకతో ఒక చివర నుంచి మెల్లగా లేపుకుంటూ వచ్చాడు. స్క్రూడ్రైవర్ పెట్టబోయాడు గానీ నా చూపు చూసి మానేశాడు! కొత్తది కాసేపు ఎండలో పెట్టి మెత్తబడ్డాక, అరచేత్తో నిటారుగా కిందికి నొక్కుతూ పోయాడు. ఒక్కో క్లిప్పు టక్ టక్ మంటూ కూర్చుంది. పది నిమిషాలు. కొన్ని కార్లకి సైడ్ మిర్రర్‌గానీ లోపలి ప్యానెల్‌గానీ విప్పాలి, నీ మోడల్‌ది వీడియోలో ముందే చూసుకో. అక్కడ చాలా షాపుల్లో గంట కూలీయే వంద డాలర్లు దాటుతుంది, నువ్వు భయపడిన రేటులో అదీ కలిసి ఉంటుంది.

జంక్‌యార్డ్‌లో చవగ్గా దొరుకుతుందని ఎవరో చెబుతారు. వైపరు మోటారుకి వెళ్లు, రబ్బరుకి వద్దు. అక్కడిది నీ కారంత ఎండ తినే ఉంటుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకు, వయసుతో అరిగినదానికి ఇవ్వరు. ముందు అద్దం చుట్టూ రబ్బరు లేస్తే మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు. ఆ అద్దం జిగురుతో బాడీకి అంటించి ఉంటుంది, ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్‌కి ఆనుకునే గోడ అదే. అది గ్లాసు షాపువాడి పని.

ఇప్పటికి ఏమీ ఆర్డర్ పెట్టకు. తలుపు అడుగు రంధ్రాల్లో ఒక టూత్‌పిక్ పెట్టి కెలికి చూడు, నీళ్లు కారతాయేమో. కారితే ఆ ఫోటో పంపు, ఎన్ని గ్లాసులు కారాయో కూడా రాయి.