రెసిడెన్షియల్ స్కూల్‌ని గురుకులం అనొచ్చా?

సందేహం: ఈమధ్య 'ఇండియన్ హార్స్' అని 2017లో వచ్చిన కెనడా సినిమా చూశానండి, రెండ్రోజులు అదే ధ్యాస. దాని మీద తెలుగులో రాద్దామని కూర్చుని "సాల్ అనే గిరిజన కుర్రాడు ఒక క్రైస్తవ గురుకులంలో చదువుకుంటూ గుర్రపు పేడతో హాకీ నేర్చుకుంటాడు" అని మొదలుపెట్టా. మా ఫ్రెండ్ చదివి "బాగుందే, కష్టపడి పైకొచ్చిన కుర్రాడి కథా?" అన్నాడు. గురుకులం అనడం తప్పా? ఆశ్రమ పాఠశాల అనాలా? గిరిజన అనాలా, రెడ్ ఇండియన్ అనాలా?
– ఒక సినిమా అభిమాని

సమాధానం: మీ ఫ్రెండ్ అలా అనుకోవడంలో ఆయన తప్పేం లేదండి, ఆ వాక్యం అలాగే చెప్తోంది మరి. గురుకులం అంటే మనవాళ్ల చెవికి మంచి మాట. పీవీ నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా "మావాడికి గురుకులంలో సీటొచ్చింది" అని స్వీట్లు పంచుకునే మాట అది. ఆశ్రమ పాఠశాల అంటే మన ఏజెన్సీలో ఉండేవి, వాటి మీద ఫిర్యాదులు ఎన్నైనా ఉండొచ్చు గానీ పండక్కి అమ్మానాన్నా వచ్చి పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్తారు. కాబట్టి రెండూ వద్దు. రెసిడెన్షియల్ స్కూల్ అనే ఉంచేసి, మొదటిసారి వచ్చినచోట "ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కొచ్చి పెట్టడానికి కెనడా ప్రభుత్వం చర్చిలతో నడిపించిన బడి" అని ఒక ముక్క రాస్తే చాలు.

అయితే నన్నడిగితే అసలు తేడా గురుకులంలో లేదు, మీ "చదువుకుంటూ"లో ఉంది. ఈ 'కొను' ఉంది చూశారూ, అది చేరితే చేసే పని తనకోసం చేసుకున్నట్టు. పిల్లలకి అన్నం వండింది, తనకి వండుకుంది, అలా అన్నమాట. వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. మరి సాల్ తనకోసం వెళ్లి చదువుకున్నాడా? తన భాష ఒజిబ్వే మాట్లాడితే దండించే చోట, జుట్టు కత్తిరించేసే చోట! "చేరాడు" అన్నా అంతే, ఇష్టపడి వెళ్లినట్టుంటుంది. "చేర్పించారు" అంటే ఇంకా ఘోరం, ఎవరు చేర్పించారు అంటే మన బుర్రకి వెంటనే తట్టేది తల్లిదండ్రులే కదా, నిజానికి అక్కడ 1920లో చట్టం మార్చి పిల్లల్ని పంపడం తప్పనిసరి చేశారు, పంపని తల్లిదండ్రులకి శిక్ష కూడా పెట్టారు. అందుకే "తీసుకెళ్లిపోయారు", "పెట్టారు", "ఉంచేశారు" లాంటి క్రియలు వాడండి, చేసినవాళ్లెవరో వాక్యంలో కనపడాలి. "1880ల నుంచి 1990ల దాకా సుమారు 1,50,000 మంది పిల్లలు చదువుకున్నారు" అని రాస్తే ఎడ్యుకేషన్ శాఖ ప్రగతి నివేదికలా ఉంటుంది, "1,50,000 మంది పిల్లల్ని పెట్టారు" అంటే సంగతి తెలుస్తుంది. ఈ బడుల్లో ఏం జరిగిందో విచారించిన కెనడా ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో దీన్ని సాంస్కృతిక జాతిహననం అంది, దాని పక్కన "చదువుకున్నారు" ఎలా నిలబడుతుంది చెప్పండి.

"పారిపోయాడు" దగ్గర కూడా కాస్త చూసుకోండి. 1966 అక్టోబర్‌లో కెనడాలో కెనోరా అనే ఊళ్లోని ఇలాంటి స్కూల్ నుంచి చానీ వెంజాక్ అనే 12 ఏళ్ల పిల్లాడు వెళ్లిపోయి, సుమారు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికని రైలు పట్టాల వెంట నడుస్తూ చలికి చచ్చిపోయాడు. "స్కూల్ నుంచి పారిపోయాడు" అని ఆపేస్తే అల్లరిపిల్లాడి లెక్కలోకి పోతుంది, "స్కూల్ నుంచి ఇంటికని పారిపోయాడు" అనండి, ఒక్క మాట పెరుగుతుంది అంతే.

గిరిజన వద్దు, గిరి అంటే కొండ, ఒజిబ్వేలవి సరస్సులూ అడవులూ. ఆదివాసి అనొచ్చు, మూలవాసి అన్నా ఓకే, కానీ ఒజిబ్వే అని జాతి పేరు తెలిసినప్పుడు అదే రాయడం అన్నిటికన్నా మర్యాద. రెడ్ ఇండియన్ మాత్రం మన పాత కౌబాయ్ సినిమాల నుంచి నోట్లో ఉండిపోయిన మాట, వాళ్లకి అది తిట్టు. ఇక ఇండియన్ హార్స్ అన్నది సాల్ ఇంటిపేరు, దాన్ని దయచేసి భారతీయ గుర్రం చేయకండి (ఎవరో ఒకరు చేస్తారు, నాకు నమ్మకం ఉంది).

అన్నట్టు గుర్రానిది పేడ కాదండి, లద్దె. ఏనుగుదీ లద్దే. పేడ ఆవులకీ గేదెలకీ. సాల్ గడ్డకట్టిన లద్దె ఉండల్ని హాకీ పక్కులుగా (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్లలు) కొడుతూ ప్రాక్టీస్ చేస్తాడు, అలా రాయండి, సీన్ కళ్లకి కడుతుంది.

మీరడగలేదు గానీ రివ్యూలో ఎలాగూ వస్తుంది కాబట్టి ఇంకోటి. ఆ బడుల్లోంచి వచ్చినవాళ్లని మన పేపర్లు "బాధితులు" అంటున్నాయి. వాళ్లు తమని తాము సర్వైవర్లు అనుకుంటారు. బాధితుడికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, సర్వైవర్ అయితే ఆ కమిషన్ ముందు నిలబడి జరిగింది చెప్తాడు, నిజంగా వేలమంది అలా చెప్పారు కూడా. ఒకసారి "బతికి బయటపడ్డవాళ్లు" అని రాసి తర్వాత సర్వైవర్లు అనేయండి, మన పాఠకులకి అర్థమవుతుంది.